అమ్మమ్మ అమావాస్య సెలవు

మా షాపు షట్టర్ పక్కన గోడకి చేత్తో రాసిన బోర్డొకటి ఉంటుంది. ‘ప్రతి అమావాస్యకూ సెలవు’. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో శుభలేఖలు, ఫ్లెక్సీలు, విజిటింగ్ కార్డులు డిజైన్ చేసే చిన్న కొట్టు మాది. ఆదివారం తెరిచే ఉంటుంది. అరసవల్లి సూర్యనారాయణ స్వామి దర్శనానికి ఆదివారం ఊళ్ళనుంచి జనం వస్తారు. వచ్చినవాళ్ళు పనిలో పనిగా శుభలేఖ మోడళ్ళు కూడా చూసుకుని పోతారు. ఆ బేరం వదులుకునే ధైర్యం నాకు లేదు. అమావాస్య మాత్రం మూత.

కొత్తగా వచ్చినవాళ్ళు బోర్డు చదివి, ‘మీకు పట్టింపులెక్కువా అండీ’ అని అడుగుతారు. పట్టింపూ లేదు, పాడూ లేదు. అది మా అమ్మమ్మ సెలవు. ఆవిడ పోయాక పొందూరు ఇల్లు మావయ్యకి వచ్చింది, ఇత్తడి బిందెలు మా పిన్ని పట్టుకెళ్ళింది, రాట్నమూ అమావాస్యా నాకు మిగిలాయి.

నాన్నది ఏడాదికో ఊరు తిరిగే ఉద్యోగం. అందుకని మూడో తరగతి అయ్యేదాకా నన్ను పొందూరులో అమ్మమ్మ దగ్గర ఉంచేశారు. ఆమదాలవలసలో పాసింజరెక్కితే దూసి, దాని తరవాత పొందూరు. స్టేషన్ నుంచి ఊళ్ళోకి వస్తుంటే కొన్ని వీధుల్లో అరుగుల మీంచే రాట్నాల చప్పుడు వినిపించేది. గాంధీ గారి కాలం నుంచీ పేరున్న సన్న ఖద్దరు మాది. అక్కినేని నాగేశ్వరరావు గారు కట్టే పంచె పొందూరుదేనని మా వీధిలో ప్రతివాళ్ళకీ తెలుసు. ఏ సినిమా పోస్టర్లో ఆయన తెల్ల పంచె కనిపించినా అది తను వడికిన నూలేనని అమ్మమ్మ గట్టిగా నమ్మేది. కాదని నిరూపించడం ఎవరి వల్లా కాదు కదా.

ఆ నూలు తయారయ్యే తీరు ఇప్పుడు పిల్లలకి చెబితే కట్టుకథ అనుకుంటారు. గింజతో ఉన్న పత్తిని ముందు వాలుగ చేప దవడతో దువ్వాలి. ఆ దవడ ఎముక మీద దగ్గరదగ్గరగా సన్నటి పళ్ళుంటాయి. ఎంత మంచి దువ్వెనైనా దాని ముందు దిగదుడుపే. దువ్వెన కింద చెత్తా, పొట్టి పోగులూ రాలిపోతే, పొడుగు పోగులు ఒక్క దిక్కుకి తిరిగి మెరుస్తాయి. తరవాత చెక్క మీద పత్తి పెట్టి ఇనప కడ్డీ దొర్లిస్తే గింజ చిటుక్కున బయట పడుతుంది. తరవాత చిన్న విల్లుతో ఏకి దూదిలా విప్పడం, పుల్లకి చుట్టి ఏకులు, అంటే వడకడానికి మెత్తటి దూది చుట్టలు, చెయ్యడం. ఆ ఏకుల్ని అరటి దొప్పలో దాచేది అమ్మమ్మ. దుమ్ము పడకుండా, నలగకుండా, పసిపిల్లని పడుకోబెట్టినట్టు వరసగా పేర్చేది. ‘ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు’ అనే మాట మనందరం వాడతాం గానీ, ఏకంటే ఎంత మెత్తనిదో పట్టుకు చూసినవాడికే ఆ సామెతలో ఉన్న కోపం అర్థమవుతుంది.

నూరో నంబరు నూలు అంటారు. పౌను బరువులో నూరు చిలపలు. చిలపంటే నూలు చుట్ట, ఒక్కోదానికి 840 గజాలు. లెక్క కడితే 84,000 గజాలు, అంటే 76 కిలోమీటర్ల పైమాట. అర కిలో కూడా తూగని పత్తిలోంచి, ఆమదాలవలస నుంచి విజయనగరం దాకా పరిచినా ఇంకా కొంచెం మిగిలేంత దారం. అదంతా దారం చుట్టుకునే ఒక్క కదురు పుల్ల మీద, ఒక్క మనిషి ఎడం చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి రావాలి.

నేను ఎదురుగా పీట మీద కూర్చుని చూసేవాణ్ణి. కుడి చెయ్యి చక్రం తిప్పుతుంటే ఎడం చెయ్యి ఏకుని పట్టుకుని కదురు మొన దగ్గర్నుంచి మెల్లగా వెనక్కి, పైకి, చెవి దాకా వెళ్ళేది. మధ్య గాల్లో ఏమీ ఉన్నట్టు కనిపించదు. తల కాస్త పక్కకి వంచితే వెలుతురు తగిలి ఒక గీత మెరుస్తుంది, అదే దారం. చెయ్యి చెవి దాకా పోయాక చక్రం ఆగుతుంది. ఒక్క జానెడు వెనక్కి తిరుగుతుంది. మళ్ళీ ముందుకి తిరిగితే అప్పుడు ఆ దారం కదురుకి చుట్టుకుంటుంది. చాలా రోజులు నేను ఆ జానెడు వెనకడుగు అమ్మమ్మ చెయ్యి పొరపాటనుకున్నాను. ఒకసారి నన్ను తిప్పనిచ్చినప్పుడు ఆపకుండా జోరుగా తిప్పేశాను. దారం కదురు మొన దగ్గరే మెలికలు పడి ఉండకట్టింది.

‘ఒరే గుంటడా, దానికి ఊపిరి తీసుకోనియ్యవేటి?’ అంది.

దారం తెగితే ముడెయ్యకూడదు. తెగిన కొసని ఏకు మీద ఆనించి రాట్నం ఒక్క చుట్టు తిప్పితే అదే అల్లుకుంటుంది. ముడేస్తే అది మగ్గం మీద తగిలి, పక్క పోగుని కూడా తెంపేస్తుందట.

ఆవిడ రోజు మూడు ముక్కలు. చీకటితోనే లేచి, చోడి అంబలి తాగి, రాట్నం ముందు కూర్చుంటే పొద్దెక్కేదాకా వడికేది. తరవాత వంట, తిండి, నిద్ర. మూడు దాటి ఎండ చల్లబడ్డాక మళ్ళీ వడికేది. వేసవిలో పడమటి గాలి తోలిన రోజుల్లో మధ్యాహ్నం అసలు రాట్నం జోలికి వెళ్ళేది కాదు. గాలిలో చెమ్మ లేకపోతే పోగు పెళుసెక్కి ఊరికే తెగుతుంది. ‘పడమర తోల్తంది, నూలు నిలవదు. తొంగో’ అనేది. ఇదేదో గొప్ప తత్వం అనుకునేరు. పత్తి గుణం తెలిసిన మనిషి లెక్క అది. పని సాగని వేళ కూర్చుని విసుక్కునే కన్నా పడుకోవడం మేలని.

కష్టం నాది. ఆరేడేళ్ళ పిల్లాడికి మధ్యాహ్నం నిద్రంటే శిక్ష. అమ్మమ్మ నడవలో చాప పరిచి, నన్ను గోడవైపు వేసి, తను అడ్డంగా పడుకునేది. రెండు నిమిషాల్లో గురక. నేను కదిల్తే ఆ గురక ఆగేది. అందుకని కదలకుండా పైకి చూస్తూ పడుండేవాణ్ణి.

పెంకుటిల్లు కదా, పెంకుల సందుల్లో అక్కడక్కడా కన్నాలు. ప్రతి కన్నంలోంచీ ఒక వెలుగు బిళ్ళ. కొన్ని నేల మీద, కొన్ని గోడ మీద, ఒకటి ఎప్పుడూ కంది పప్పు డబ్బా మీద. కన్నం ఏ ఆకారంలో ఉన్నా బిళ్ళ మాత్రం గుండ్రమే. మూడు మూలలున్న కన్నం కూడా ఒకటుండేది, దాన్నుంచీ గుండ్రమే పడేది. ఎండ వాలేకొద్దీ ఆ బిళ్ళలు కోడిగుడ్డులా సాగుతూ జరిగేవి. నేను బొగ్గుముక్క దాచుకుని, చెయ్యి మాత్రమే చాపి, గోడ మీద బిళ్ళ చుట్టూ గీత గీసేవాణ్ణి. కాసేపటికి బిళ్ళ గీత దాటిపోయేది. మళ్ళీ గీసేవాణ్ణి. అమ్మమ్మ లేచేసరికి గోడ మీద గొలుసులా సున్నాలు. తిట్టేది. సంక్రాంతికి వేసిన వెల్ల పాడుచేశానని ఒకసారి వీపు మీద ఒకటిచ్చింది కూడా. తరవాత తనే, గోడ మీద నాలుగో సున్నాలోకి వెలుగు రాగానే లేవడం మొదలెట్టింది. ఇంట్లో గడియారం లేదు మరి.

నా చేతికి బొమ్మలు గీయడం అలా వచ్చింది. డ్రాయింగ్ మాస్టారు తరవాత చాలా నేర్పారు, కాదనను. కానీ గీత ముందు గోడ మీద నేర్చుకున్నాను.

అమావాస్య నాడైతే రోజంతా రాట్నం కదలదు. వీధిలో మగ్గాలూ ఆగిపోయేవి. అలవాటైన చప్పుడు లేకపోతే ఊరు ఊరులా ఉండదు. కాకులు కూడా గొంతు తగ్గించి అరుస్తున్నట్టుండేది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు గానీ, అమ్మమ్మకి నెలకో కనుమ. అలాగని ఆ రోజు ఖాళీగా కూర్చునేది కాదు. ఇక్కడే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. రాట్నాన్ని బోర్లించి తుడిచేది. ఇరుసుకి ఆముదం వేసేది. కదురు వంగిందేమో నేల మీద దొర్లించి, ఒక కన్ను మూసి చూసేది. చక్రం నుంచి కదురుకి పోయే మాల సాగిపోతే కొత్తది పేనేది. ఆ పనంతా అయ్యాక తలంటుకుని, వీధి అరుగు మీద జుట్టారబెట్టుకుంటూ, పోయేవాళ్ళనల్లా పలకరించేది. ‘ఏటప్పా, ఎక్కడికెల్తన్నావు? కూకో, బేగి ఎల్లి ఏటి సేత్తావు?’

1980 ఫిబ్రవరి 16. శివరాత్రి వెళ్ళిన వెంటనే వచ్చే అమావాస్య, శనివారం. ఆ మధ్యాహ్నం సూర్యగ్రహణం. తెలుగు నేల మీదుగా, ఒడిశా వైపు పోయిన సంపూర్ణ గ్రహణం అది. నా వయసు వాళ్ళందరికీ గుర్తుంటుంది. ముందు రోజునుంచే రేడియోలో హెచ్చరికలు, వీధుల్లో పుకార్లు. చూస్తే కళ్ళు పోతాయని కొందరు, బయటకొస్తేనే పోతాయని ఇంకొందరు. మధ్యాహ్నం భోజనాలు తొందరగా కానిచ్చి, పచ్చడి జాడీల మీదా మంచినీళ్ళ బిందెల మీదా దర్భలు వేసి, అమ్మమ్మ తలుపులు బిగించేసింది. కిటికీకి దుప్పటి కట్టింది. అన్నీ మూసింది గానీ పెంకుల్ని ఎలా మూస్తుంది?

నేను చాప మీద పడుకుని గోడ చూస్తున్నాను. నా బిళ్ళ అంచు ఎవరో కొరికినట్టు తరిగింది. కన్నానికి ఏదో అడ్డం పడిందనుకున్నాను. పక్క బిళ్ళ చూస్తే అదీ అంతే. నేల మీదవి, డబ్బా మీది, అన్నీ ఒకే పక్క కొరుక్కుపోతున్నాయి. ‘అమ్మమ్మా’ అని అరిచాను. ఆవిడ లేచి కూర్చుంది. చాలాసేపు మాట్లాడలేదు. ఇల్లంతా చిన్న చిన్న నెలవంకలు. పదో, పదిహేనో. సన్నబడుతూ, సన్నబడుతూ, చివరికి దారప్పోగంత అయ్యాయి. నడవలో సాయంత్రమో తెల్లవారుజామో తెలీని బూడిద రంగు. బయట కాకులు గూళ్ళకి పోతున్న గోల.

నేను భయంతో కళ్ళు మూసుకోబోతే అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. ‘సూర్యుణ్ణి సూడకూడదు గానీ, ఆయన మనింటికొస్తే సూడకపోతే ఎలాగరా? నీ బొగ్గేదీ? గియ్యి బేగి.’

గీశాను. తను కూడా ఒకటి గీసింది. ఆవిడ జన్మలో గీసిన బొమ్మ అదొక్కటే అనుకుంటాను. చెయ్యి వణక్కుండా, వెలుగు వెంట ఒక్క ఊపున లాగింది. దారం తీసినట్టే.

వెలుగు బిళ్ళలన్నీ సూర్యుడి ప్రతిబింబాలేననీ, కన్నం చిన్నదైతే దాని ఆకారంతో పని లేదనీ హైస్కూల్లో సూదిరంధ్ర కెమెరా పాఠం చెప్పినప్పుడు తెలిసింది. క్లాసులో నేనొక్కణ్ణే నవ్వాను. మాస్టారు బెంచీ ఎక్కించారు.

ఇంతవరకూ చదివి, అబ్బ ఆ రోజులే వేరు, ఎంత ప్రశాంతం అనుకుంటున్నారేమో. నేను అలా రాస్తే మా అమ్మమ్మ పైనుంచి నవ్వుతుంది. వడికినదానికి వచ్చే డబ్బులు చాలా తక్కువ. పిన్ని పెళ్ళప్పుడు మూడు నెలలు ఆవిడకి మధ్యాహ్నం నిద్ర లేదు, అమావాస్య లేదు. రాత్రిళ్ళు కిరసనాయిలు బుడ్డి పెట్టుకుని వడికింది. నేను నిద్రలో లేచినప్పుడల్లా ఆ చప్పుడే. నెలాఖరుకి చిలపలు పట్టుకెళ్తే, నూలు తీసుకునే చోట ఒకాయన దారం వేళ్ళ మధ్య లాగి చూసి, లావూ సన్నమూ కలిసిపోయాయని కింది నంబరులో వేసి డబ్బు తగ్గించాడు. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ మారు మాట్లాడలేదు. తిరిగొచ్చేటప్పుడు దారిలో నాకు తాటి ముంజలు కొనిపెట్టి, తను తినలేదు. ‘ఆడి తప్పు నేదు బావూ. రాత్రి నూలు రాత్రి నూలే’ అంది. చివరి పదేళ్ళూ కళ్ళు మసకలు. దారం కనపడకపోయినా వేళ్ళకి తెలుస్తుందని వడుకుతూనే ఉండేది. 1998లో పోయింది.

ఆ ‘రాత్రి నూలు’ మాట నాకు మళ్ళీ తగిలింది 2012 మాఘమాసంలో. ముహూర్తాలన్నీ ఒక్క వారంలో కుప్పపడ్డాయి. అప్పటికి షాపు పెట్టి ఎనిమిదేళ్ళు. అప్పులున్నాయి. ఎవరికీ కాదనకూడదని పంతం. మూడు రాత్రులు షాపులోనే, టీ మీద టీ. నాలుగో రోజు పొద్దున్న ఒక పెద్దమనిషి కార్డుల కట్టతో వచ్చారు. స్కూలు మాస్టారుగా రిటైరైన మనిషి. అరవలేదు. కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని అన్నారు, ‘బాబూ, మా అమ్మాయిని మేం ఆమదాలవలస వాళ్ళబ్బాయికి ఇద్దామనుకున్నాం. నువ్వు నరసన్నపేట వాళ్ళకి ఇచ్చేశావు.’

రెండు పెళ్ళిళ్ళ ఫైళ్ళు పక్కపక్కనే తెరిచి పనిచేశాను. వరుడి పేరూ, తల్లిదండ్రుల పేర్లూ ఇందులోవి అందులో, అందులోవి ఇందులో పడ్డాయి. ప్రూఫు నేనే చదివాను. బాగుందనుకున్నాను కూడా. రెండు కలిపి 1,100 కార్డులు. రెండో పెళ్ళివారు ఇంత నెమ్మదస్తులు కాదని వేరే చెప్పక్కర్లేదు. అన్నీ నా ఖర్చుతో మళ్ళీ వేయించాను. ఆ సీజన్‌లో మిగిలిందంతా అందులోనే పోయింది. సిగ్గుతో వారం రోజులు ఆ వీధిలోంచి బండి పోనివ్వలేదు.

ఆ కార్డులు సరిచేసి ఇచ్చేసిన మర్నాడు ఏ తిథో చూడనే లేదు, షట్టర్ దించి పొందూరు వెళ్ళాను. మావయ్య ఇంటిని స్లాబు వేయించేశాడు. పెంకులూ లేవు, కన్నాలూ లేవు, నా గోడా లేదు. అటక మీద రాట్నం ఉంది. మాల తెగి, ఇరుసు బిగుసుకుపోయి ఉంది. అడిగితే, తీసుకుపోరా, ఇక్కడ బల్లులకి తప్ప దేనికీ పనికిరావట్లేదు అన్నాడు. పాసింజర్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. బోర్డు ఆ వారంలోనే రాశాను.

మొదటి రెండు అమావాస్యలూ నరకం. చెయ్యి ఊరికే ఫోన్ మీదకి పోయేది. ఎవరో ఫ్లెక్సీ కోసం వచ్చి పక్క షాపుకి పోయి ఉంటారనే టెన్షన్. మా ఆవిడ, ‘సెలవు పెట్టుకుని మొహం వేలాడేసుక్కూర్చునే కన్నా షాపుకే పోండి, మాకైనా ప్రశాంతంగా ఉంటుంది’ అంది. మూడో అమావాస్యకి రాట్నం బోర్లించి ఇరుసు ఊడదీసి ఆముదం పట్టించాను. సాయంత్రానికి చక్రం తిరిగింది. నాకు వడకడం రాదు. ఒక్క గజం కూడా సరిగ్గా రాదు. మా అమ్మాయి నాకన్నా నయం, తెగితే ముడెయ్యకుండా అతకడం దానికి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం పడుకుని స్లాబు వంక చూస్తుంటే, గ్రహణం నాటి గోడ కళ్ళ ముందుకి వచ్చింది. లేచి కాయితం మీద గీశాను. పూర్తి బిళ్ళ, కొంచెం కొరికింది, సగం, నెలవంక, పోగు, మళ్ళీ నెలవంక, సగం, పూర్తి. కార్డు చుట్టూ అంచుగా సరిపోయింది. మా షాపులో ఇప్పటికీ ఎక్కువ అడిగే డిజైన్ అదే. పెళ్ళివాళ్ళు దాన్ని చంద్రుడి కళలనుకుంటారు. నిఖా కార్డుల వాళ్ళు నెలవంక బాగుందని పచ్చ రంగులో వేయించుకుంటారు. గ్రహణమని నేనెవరికీ చెప్పను. శుభలేఖ మీద గ్రహణం అని తెలిస్తే ఒక్క కార్డు కూడా పోదు.

బేరం పోతుందా అంటే, పోతుంది. పుట్టినరోజు ఫ్లెక్సీలవాళ్ళకి, రాజకీయాల వాళ్ళకి తిథితో పనిలేదు. రాత్రి పదకొండుకి చెప్పి పొద్దున్న ఆరుకి కావాలంటారు. పెళ్ళివాళ్ళతో మాత్రం భలే కుదిరింది. ఎలాగూ అమావాస్య నాడు శుభలేఖ పని పెట్టుకోరు.

మొన్న అమావాస్య మధ్యాహ్నం, చాప మీద కునుకు పడుతుండగా ఫోన్ మోగింది. టెక్కలి నుంచి ఎవరో పెద్దాయన.

‘శుభలేఖల షాపేనా బాబూ? ఇయ్యాల అమావాస్య, ఎలాగూ రాం. రేపు ఉంటారా?’

‘రేపు పాడ్యమి. పొద్దున్న తొమ్మిదికల్లా ఉంటానండీ, రండి.’

అవతల కాసేపు నిశ్శబ్దం. వెనక ఎవరో ఆడమనిషి గట్టిగా ఏదో అంటోంది.

‘పాడ్యమి నాడు మొదలెట్టొద్దంటంది మా ఇంటిది. విదియకొస్తాం. పర్నేదా?’

‘పర్వాలేదండీ’ అని ఫోన్ పక్కన పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాను.